అమ్మ గదిలోనే కూచుంటానంటోంది, కెయిర్న్స్ వెళ్ళేదెలా?

ప్రశ్న: మేం మెల్‌బోర్న్‌లో ఉంటాం. అమలాపురం నుంచి అమ్మా నాన్నా వచ్చారు, జనవరి నెలాఖరు దాకా ఉంటారు. నాన్నకి 66, అమ్మకి 61. నాన్నకి బీపీ ఉంది, రెండేళ్ళ కిందట స్టెంట్ వేశారు. పిల్లలకి 11, 6. డిసెంబరు సెలవుల్లో అయిదు రాత్రులకి ఉత్తర క్వీన్స్‌లాండ్‌లోని కెయిర్న్స్‌కి విమానం టికెట్లు కొనేశాం. మావారు ఎక్సెల్ షీట్ వేశారు: గ్రీన్ ఐలాండ్, ఫిట్జ్‌రాయ్ ఐలాండ్, ఔటర్ రీఫ్ (తీరానికి దూరంగా ఉన్న పగడపు దిబ్బలు), వైట్‌హేవెన్ బీచ్, డెయిన్‌ట్రీ అడవి, కురండా రైలు. ఈలోగా ఎవరో అమ్మకి మొసళ్ళ వీడియోలూ జెల్లీఫిష్ వీడియోలూ పంపారు. "మీరెళ్ళి రండి, నేను గదిలో కూచుని విష్ణు సహస్రనామం చదువుకుంటాను" అంటోంది. అమ్మకి ఈత రాదు. శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు. కారెక్కితేనే కళ్ళు తిరుగుతాయి. డిసెంబరులో వెళ్ళడం పొరపాటా? ఏ దీవికి వెళ్ళాలి? అమ్మని ఎలా ఒప్పించాలి?

సమాధానం: ముందు ఆ ఎక్సెల్ షీట్ తెరిచి వైట్‌హేవెన్ బీచ్ ఉన్న వరసని తీసేయండి. అది విట్సండే దీవుల్లో ఉంది. అక్కడికి పడవలు బయల్దేరే ఎయిర్లీ బీచ్ కెయిర్న్స్ నుంచి రోడ్డు మీద 620 కిలోమీటర్లు. అమలాపురం నుంచి చెన్నై వెళ్ళినంత దూరం ఇంచుమించు. మ్యాపులో రెండూ క్వీన్స్‌లాండ్ తీరమే కదా, పక్కపక్కనే ఉంటాయనిపిస్తుంది. మీవారొక్కరే కాదు, చాలామంది పడే పొరపాటే ఇది. ఏడు కిలోమీటర్ల ఆ తెల్లటి ఇసుక చూడాల్సిందే, కాదనను. దానికి మరోసారి మెల్‌బోర్న్ నుంచి నేరుగా హామిల్టన్ ఐలాండ్‌కి విమానంలో వెళ్ళండి.

వైట్‌హేవెన్ పోయినా ఇంకా మూడు పడవ ప్రయాణాలు మిగిలాయి. పెద్దవాళ్ళతో అయిదు రోజుల్లో ఒక్క పడవే చాలు. ఈ లెక్క నాకెలా తెలిసిందో చెప్తాను. నేను టౌన్స్‌విల్‌లో కొన్నేళ్ళున్నాను. మా నాన్న వచ్చినప్పుడు సరదా పడి ఆగస్టులో ఔటర్ రీఫ్ పడవకి టికెట్లు తీశాను. ఎండ బాగా కాస్తోంది, ఆకాశంలో మబ్బు తునక లేదు, ఇంకేం కావాలి అనుకున్నాను. గాలి సంగతి చూసుకోలేదు. వెళ్ళేటప్పుడు గంటన్నర సేపు నాన్న కాగితం సంచీలోంచి తల ఎత్తలేదు. రీఫ్ దగ్గర తేలే ప్లాట్‌ఫారం మీదికి దిగాక కళ్ళు మూసుకుని కూచున్నారు, చుట్టూ ఉన్న పగడాల వైపు చూడనైనా లేదు. తిరిగొచ్చేటప్పుడు మళ్ళీ గంటన్నర. "మన రేవు దాటే పంటు నయం రా" అని మాత్రం అన్నారు. పడవ వాళ్ళ తప్పేం లేదు, నాదే.

ఆ అనుభవం వల్లే మీ మొదటి ప్రశ్నకి కొంచెం వింత జవాబు చెప్తున్నాను. డిసెంబరు మరీ చెడ్డ నెలేం కాదు. అక్కడ రెండే కాలాలు. మే నుంచి అక్టోబరు దాకా పొడి కాలం, తర్వాత వానల కాలం. అందరూ పొడి కాలంలోనే వెళ్ళమంటారు. హాయిగా ఉంటుంది, నిజమే. జూలైలో మెల్‌బోర్న్‌లో మనం హీటరు ముందు ముడుచుకుంటే కెయిర్న్స్‌లో పగలు 25, 26 డిగ్రీలుంటుంది. కానీ చలికాలమంతా ఆగ్నేయ గాలులు విడవకుండా వీస్తాయి, సముద్రం కుదుపుతుంది. నవంబరు, డిసెంబరుల్లో ఆ గాలులు తగ్గి, కొన్ని రోజులు సముద్రం చెరువులా ఉంటుంది. కళ్ళు తిరిగే మీ అమ్మగారికి ఇది కలిసొచ్చే మాట.

ఇక కలిసిరానివి. ఉక్కపోత కోనసీమలో మేనెలకి ఏమాత్రం తీసిపోదు, కాకపోతే అమ్మా నాన్నలకి అది అలవాటే, మీ పిల్లలకే కష్టం. జెల్లీఫిష్ కాలం నవంబరు నుంచి మే దాకా. తుఫానుల కాలం కూడా అప్పుడే. 2023లో జాస్పర్ తుఫాను డిసెంబరు 13న తీరం దాటింది. గాలికన్నా ఆ తర్వాత రోజుల తరబడి కురిసిన వానే ముంచింది. కెయిర్న్స్ ఎయిర్‌పోర్టు కూడా మూతపడింది. కురండా రైలు మార్గం దెబ్బతిని నెలల తరబడి నడవలేదు. ప్రతి ఏడూ అలా జరగదు. మామూలుగా వానల జోరు జనవరి నుంచి మార్చి దాకా. అందుకని మీ టికెట్లు సెలవుల మొదట్లోకే ఉంటే మంచిదే, క్రిస్మస్ తర్వాతకి జరపకండి. హోటల్ బుకింగ్ మాత్రం డబ్బు వెనక్కిచ్చే రకం తీసుకోండి, నాలుగు డాలర్లు ఎక్కువైనా సరే.

అమ్మగారి భయం సంగతి. ఆవిడ భయపడుతున్న రెండూ అక్కడ నిజంగానే ఉన్నాయి, లేవని ఆవిడతో వాదించకండి. ఎక్కడుంటాయో చెప్పండి. ఉప్పునీటి మొసళ్ళు నదుల్లో, నదీముఖాల్లో, మడ అడవుల్లో, వాటిని ఆనుకున్న బీచుల్లో ఉంటాయి. మన కోరంగి లాంటి చోట్లు అన్నమాట. అక్కడ పసుపు రంగు బోర్డులుంటాయి, నీటి అంచు నుంచి కనీసం అయిదు మీటర్లు ఎడంగా ఉండాలి. బోర్డు లేకపోతే మొసలి లేదని అర్థం కాదు. ఇక్కడ మీ అమ్మగారికి ఒక్క మాట గట్టిగా చెప్పాలి. గోదావరి మనుషులకి కొత్త నది కనిపిస్తే దిగి రెండు చుక్కలు నెత్తిన చల్లుకోవడం అలవాటు. డెయిన్‌ట్రీ నది దగ్గర ఆ పని చేయనివ్వకండి. అంతగా చల్లుకోవాలనిపిస్తే దానికి వేరే చోటుంది, కింద చెప్తాను.

జెల్లీఫిష్ రెండు రకాలు. పెద్ద బాక్స్ జెల్లీఫిష్ ఎక్కువగా ఒడ్డు దగ్గర నిశ్చలంగా ఉండే నీళ్ళలో తిరుగుతుంది. దాని కోసమే బీచుల్లో వలలు కట్టి, ఆ వలల మధ్యనే ఈతకి దిగమంటారు. రెండోది ఇరుకాంజీ, గోరంత ఉంటుంది, వలలోంచి కూడా దూరుతుంది, దీవుల దగ్గరా కనిపిస్తుంది. కుట్టినప్పుడు పెద్దగా తెలియదు. అరగంట గడిచాక నడుం నొప్పి, వాంతులు, బీపీ పెరగడం. స్టెంట్ వేయించుకున్న మీ నాన్నగారి విషయంలో ఇది తేలిగ్గా తీసుకోవలసింది కాదు. బీచుల దగ్గర స్తంభానికి వెనిగర్ సీసా పెట్టి ఉంటుంది, చూసి ఎవరో మర్చిపోయారనుకోకండి. కుడితే రుద్దకుండా, మంచినీళ్ళు పోయకుండా, అర నిమిషం పాటైనా వెనిగర్ పోసి 000కి ఫోన్ చేయాలి.

దీనికి విరుగుడు స్టింగర్ సూట్. పల్చటి లైక్రా గుడ్డతో మెడ నుంచి మడమల దాకా ఉండే తొడుగు, కొన్నిటికి తలకి టోపీ, చేతులకి తొడుగులు కూడా. పడవల మీద అద్దెకిస్తారు, కొందరు ఊరికే ఇస్తారు. ఇది మన ఆడవాళ్ళ కోసమే కుట్టించినట్టుంటుందని నాకెప్పుడూ అనిపిస్తుంది. స్విమ్ సూట్ వేసుకోనని బీచుల్లో చీర కుచ్చెళ్ళు పట్టుకుని నిలబడే పెద్దవాళ్ళని ఎంతమందిని చూశానో. ఆ సూట్‌లో అందరూ ఒకేలా కప్పల్లా కనిపిస్తారు, ఎవరూ ఎవర్నీ చూడరు. మీరు అమ్మకి ముందే ఫొటో చూపించండి.

అసలు సముద్రంలోకి దిగాల్సిన పనే లేదు. కెయిర్న్స్ ఊళ్ళో సముద్రం ఒడ్డున ఇసుక బీచ్ లేదు, బురద మేట. అందుకని ఒడ్డునే పెద్ద ఈత మడుగు కట్టారు, ఎస్ప్లనేడ్ లగూన్ అంటారు. 4,800 చదరపు మీటర్లు, వడకట్టిన సముద్రపు నీరు, ఒక పక్క ఇసుక, కాపలాకి లైఫ్‌గార్డులు, టికెట్ లేదు. మొసలీ రాదు, జెల్లీఫిష్షూ రాదు. మొదటి సాయంత్రం ఆవిణ్ణి అక్కడ మోకాలి లోతులో మనవడి పక్కన కూచోబెట్టండి. ఒప్పించడానికి మీరు చేయవలసిన పని అంతవరకే, మిగతాది ఆ పిల్లాడు చూసుకుంటాడు.

దీవి విషయానికొస్తే, మీ ఇంటి మనుషుల్ని బట్టి గ్రీన్ ఐలాండ్. తీరానికి 27 కిలోమీటర్లు, పడవలో ముప్పావు గంట. పగడపు ఇసుక మేట వేసి ఏర్పడ్డ చిన్న దీవి, 12 హెక్టార్లు, అంటే మన లెక్కలో ముప్ఫై ఎకరాలు. అంత చిన్న చోట మధ్యలో దట్టమైన అడవి, దాంట్లోంచి చెక్క బాట. నేలంతా చదును, మోకాళ్ళ నొప్పులున్నా నడవచ్చు. ఈత రానివాళ్ళకి అద్దం అడుగున్న పడవ ఉంది.  మీ అమ్మగారు చీర తడవకుండా పగడాలూ చేపలూ చూడగలరు. దీవి నిండా జనం ఉంటారనీ, మరీ టూరిస్టు చోటనీ కొందరు మూతి విరుస్తారు. ఆ మాట నిజమే గానీ, మరుగుదొడ్డి, నీడ, కుర్చీ దగ్గర్లో ఉండటం అరవై దాటినవాళ్ళకి ఎంత ముఖ్యమో అలా అనేవాళ్ళకి ఇంకా తెలియదు. పాత వీడియోలు చూసి పిల్లలు అక్కడి కాసియస్ అనే పెద్ద మొసలి కోసం అడిగితే ముందే చెప్పేయండి, అది 2024 నవంబరులో చనిపోయింది. అయిదున్నర మీటర్ల పొడవుండేది.

గ్రీన్ ఐలాండ్‌లో నీళ్ళలోకి దిగేవాళ్ళు పోటు వేళ చూసుకోవాలి. బాగా పాటు తీసినప్పుడు పగడాల మీద మోకాలి లోతు నీళ్ళే ఉంటాయి, ఈదడం కుదరదు, నడిస్తే పగడం విరుగుతుంది, కాలూ తెగుతుంది. ఒడ్డున గవ్వలు ఏరి పిల్లల జేబుల్లో వేసుకోవద్దు. అది నేషనల్ పార్కు, ఏదీ తీసుకెళ్ళకూడదు. అన్నం డబ్బా మూత తెరిచి పక్కకి తిరక్కండి, అక్కడి పక్షులు కాకినాడ కాకులకన్నా చురుకు.

ఫిట్జ్‌రాయ్ కూడా అంతే దూరం, కానీ అది కొండ దీవి. బీచ్ మీద ఇసుకకి బదులు విరిగిన పగడపు ముక్కలు, చెప్పులు లేకుండా నడవలేం. వయసులో ఉన్నవాళ్ళకి గ్రీన్ ఐలాండ్ కన్నా అదే బావుంటుంది, అది నా అభిప్రాయం. మీవారికి ఔటర్ రీఫ్ మీద అంత మోజుంటే పెద్ద పిల్లాణ్ణో పిల్లనో తీసుకుని ఒక రోజు వాళ్ళిద్దరే వెళ్ళిరానివ్వండి. అందరూ అన్నీ కలిసే చూడాలన్న పట్టుదలే మన కుటుంబ యాత్రల్లో సగం గొడవలకి మూలం.

నాన్నగారు స్నార్కెల్ (నీళ్ళలో మొహం పెట్టి ఊపిరి పీల్చుకునే గొట్టం) వేసుకుంటానంటే? పడవ మీద ఆరోగ్యం గురించి ఒక ఫారం ఇస్తారు. మనవాళ్ళు "ఏం రాస్తే ఏం గొడవో" అని అన్నిటికీ లేదు అని టిక్కు పెట్టేస్తారు. దయచేసి అలా చేయనివ్వకండి. రీఫ్ మీద స్నార్కెల్ చేస్తూ చనిపోయే పెద్దవాళ్ళలో చాలామందికి గుండే కారణం. నిజం రాస్తే తేలే సాధనం ఇచ్చి, పక్కన మనిషిని పెట్టి, కన్నేసి ఉంచుతారు, లేదా వద్దంటారు. ముందుగా మీ జీపీని, అంటే ఫ్యామిలీ డాక్టర్ని అడగండి. ఆయన వద్దంటే అద్దం పడవే. అమ్మగారికి పడవలో కళ్ళు తిరగకుండా వేసుకునే మాత్ర కూడా జీపీనే అడగండి, కొన్ని మాత్రలు వేరే మందులతో పడవు. మాత్ర పడవెక్కడానికి ముందే వేసుకోవాలి, కుదుపు మొదలయ్యాక వేసుకుంటే అది వాంతిలోనే పోతుంది. కింది అంతస్తులో వెనకవైపు కూచోబెట్టి దూరంగా నీళ్ళు ఆకాశంలో కలిసే గీతని చూస్తూ ఉండమనండి. ఫోన్ మాత్రం చూడనివ్వొద్దు. వాతావరణ శాఖ వాళ్ళు తీరప్రాంతపు గాలి వేగం నాట్స్‌లో ఇస్తారు: 15 లోపుంటే బయల్దేరండి, 20 దాటితే రోజు మార్చుకోండి. అలా మార్చుకోవడానికి వీలుగా పడవని రెండో రోజునే పెట్టుకోండి, ఆఖరి రోజుకి ఉంచకండి.

మిగతా రోజుల్లో కొండ మీద ఊరు కురండా తప్పక పెట్టుకోండి. 1891లో పూర్తయిన రైలు మార్గం, కొండ ఎక్కుతూ 15 సొరంగాలు దాటుతుంది. అరకు రైలెక్కినవాళ్ళకి చిన్నదిగానే అనిపిస్తుంది, కానీ దిగేటప్పుడు రైల్లో కాకుండా స్కైరైల్ కేబుల్ కారులో రండి. ఏడున్నర కిలోమీటర్లు అడవి నెత్తి మీదుగా సాగుతుంది. మధ్యలో రెండు చోట్ల దిగి నడవచ్చు. ఎత్తంటే అమ్మగారికి భయమైతే రానూపోనూ రైలే మేలు.

ఎక్సెల్‌లో లేనిది ఒకటి చేర్చమంటాను: కెయిర్న్స్ వెనకున్న పీఠభూమి, ఆథర్టన్ టేబుల్‌ల్యాండ్స్. కొండెక్కేసరికి ఉక్క తగ్గుతుంది. యుంగాబుర్రా దగ్గర కర్టెన్ ఫిగ్ అనే మర్రిజాతి చెట్టుంది. ఇది అల్లుకుని పెరిగిన చెట్టు పక్కదాని మీదికి ఒరిగితే, దీని ఊడలు తెరలాగా నేల దాకా దిగాయి. పిల్లలకన్నా పెద్దవాళ్ళే దాని ముందు ఎక్కువసేపు నిలబడతారు. దగ్గర్లోనే ఈచమ్ సరస్సు, పాత అగ్నిపర్వత బిలంలో నిండిన మంచినీళ్ళు, ఒడ్డున పచ్చిక. అమ్మగారు నెత్తిన నీళ్ళు చల్లుకునే చోటు ఇదే. కొండెక్కే రోడ్డు మెలికలు ఎక్కువ, ఆవిణ్ణి ముందు సీట్లో కూచోబెట్టి మీరు వెనక్కి వెళ్ళండి. మీరు ఆరుగురు కాబట్టి ఏడు సీట్ల బండి కావాలి, చిన్నవాడికి బూస్టర్ సీటు కూడా. డిసెంబరులో అవి ముందే అయిపోతాయి.

డెయిన్‌ట్రీకి ఒక రోజంతా పడుతుంది, ఓపిక మిగిలితే మాస్మన్ గార్జ్ దాకా వెళ్ళి ఆగిపోవచ్చు, అదీ అదే అడవి. అక్కడి మూలవాసులు కుకు యలాంజీలు. 2021లో డెయిన్‌ట్రీ నేషనల్ పార్కు యాజమాన్యం వాళ్ళకి తిరిగిచ్చారు. వాళ్ళే వెంట ఉండి అడవి చూపించే నడక ఉంటుంది, దానికి పెట్టిన డబ్బు వృథా కాదు. బాట వదిలి ఆకులు ముట్టుకోనివ్వకండి. గుండె ఆకారంలో మెత్తగా నూగున్న ఆకులతో గింపీ-గింపీ అనే మొక్క ఉంటుంది, దాని ముందు మన దురదగొండి ఏ మూలకి, నొప్పి నెలల తరబడి తిరగబెడుతుంది. కాసోవరీ ఎదురైతే పరుగెత్తకుండా, సంచీ అడ్డం పెట్టుకుని మెల్లగా వెనక్కి నడవాలి. మనిషెత్తు పక్షి, కాలి గోరు బాకులా ఉంటుంది. అన్నట్టు అక్కడ కొమ్మల మీద ఆకులు కుట్టి గూళ్ళు కట్టే ఆకుపచ్చ చీమలు, మన మామిడి తోటల్లో కుట్టే ఎర్ర చీమల జాతే. రంగొక్కటే తేడా. మీ నాన్నగారికి చూపించండి, ఆయన దగ్గర వాటి గురించి కథలుంటాయి.

రెండు ముక్కలు డబ్బు గురించి. అమ్మా నాన్నలకి మెడికేర్ (ఇక్కడి ప్రభుత్వ వైద్య బీమా) ఉండదు, మన దేశంతో ఆ ఒప్పందం లేదు. వాళ్ళ ఇన్సూరెన్స్‌లో పాత జబ్బులకీ, అంబులెన్స్‌కీ వర్తిస్తుందో లేదో ఇప్పుడే చదవండి. మీకు కూడా విక్టోరియా అంబులెన్స్ సభ్యత్వం లేకపోతే తీసుకోండి. క్వీన్స్‌లాండ్ వాళ్ళకే అక్కడ అంబులెన్స్ ఉచితం.

తిండికి హోటల్ గది కాకుండా వంటిల్లున్న అపార్ట్‌మెంట్ తీసుకోండి. పడవల మీద భోజనమంటే చల్లటి మాంసం ముక్కలు, రొయ్యలు, సలాడ్. శాకాహారం అని ముందే చెప్పినా అమ్మగారికి ఆకులే మిగులుతాయి. గ్రీన్ ఐలాండ్‌కి పులిహోర కట్టుకెళ్ళండి. పెరుగన్నం మాత్రం ఆ ఎండకి నిలవదు. శుక్రవారం నుంచి ఆదివారం దాకా ఊళ్ళో రస్టీస్ మార్కెట్ ఉంటుంది. మీరుండే రోజుల్లో ఆ మూడింటిలో ఒకటైనా ఎలాగూ కలుస్తుంది, ఆ రోజు వెళ్ళండి. పనస, బొప్పాయి, అన్నిటికీ మించి మామిడి. అక్కడ డిసెంబరే మామిడి కాలం. మే నెలలో మామిడికాయ తినే మనిషి డిసెంబరులో బుట్టల నిండా చూస్తే ఏమంటారో నాకు రాయండి. అపార్ట్‌మెంట్‌లో మిక్సీ ఉండదు, పచ్చడి కుదరదు. పుల్లటి కాయలు దొరికితే పప్పులో వేసుకోండి. కందిపప్పు మాత్రం మెల్‌బోర్న్ నుంచే పట్టుకెళ్ళండి.